పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రం: చేలల్లో కూలీల చావుల గురించి

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అని సామెత. మంగలం అంటే పేలాలు వేయించుకునే పాత కుండపెంకు. పైన ఉరిమినదానికీ పొయ్యి మీది పెంకుకూ ఏ తగవూ లేదు. అయినా వచ్చి పడేది దాని మీదే. ఎవరి మీదో ఉన్న కోపం దిక్కులేనోడి మీద తీర్చుకునే చోట ఈ సామెత వాడుతుంటాం. ఈ వ్యాసంలో మేము దాన్ని సామెతగా కాకుండా ఉన్న అర్థంలోనే తీసుకుంటున్నాం. నిజంగా ఉరిమినప్పుడు, నిజంగా పిడుగు పడినప్పుడు దాని కింద నిలబడి ఉంటున్నది ఎవరు? వాళ్లు అక్కడే ఎందుకు నిలబడి ఉన్నారు? పక్కకు పోయే దారి వాళ్లకు ఉందా?

ఏటా ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పత్రికల జిల్లా పేజీల్లో 'పిడుగుపాటుకు ఇద్దరు కూలీల మృతి' అనే వార్త వస్తూనే ఉంటుంది. ఒక్క కాలమ్, నాలుగు వాక్యాలు. పేరు, వయసు, ఊరు. నాలుగో వాక్యంలో 'గ్రామంలో విషాదఛాయలు అలుముకున్నాయి' అని ఉంటుంది. ఏ వాడలో అలుముకున్నాయో ఉండదు. మర్నాడు ఆ వార్త పోయి ఇంకో వార్త వస్తుంది.

ఇది చిన్న సంఖ్య కాదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం దేశంలో పిడుగుపాటుకు 2020లో 2,862 మంది, 2021లో 2,880 మంది, 2022లో 2,887 మంది చనిపోయారు. 2022లో ప్రకృతి శక్తుల వల్ల జరిగిన మరణాలు మొత్తం 8,060 అయితే అందులో మూడో వంతు కంటే ఎక్కువ పిడుగులవే. వరద, వడదెబ్బ, చలి, కొండచరియలు, వీటిలో ఏ ఒక్కటీ ఆ ఏడాది ఇంతమందిని చంపలేదు. అయినా వరద వస్తే హెలికాప్టర్ ఎగురుతుంది. పిడుగు ఒక్కొక్కరినీ ఒక్కొక్క చేలో చంపుతుంది కాబట్టి ఏ మంత్రీ ఎగరడు.

పరిశోధకులుగా మా మొదటి ఇబ్బంది ఈ లెక్కల దగ్గరే మొదలైంది. ఆ నివేదికలో రాష్ట్రం ఉంటుంది, ఆడ మగ ఉంటుంది, వయసు ఉంటుంది. పిడుగుకు చచ్చినోడి కులం ఉండదు. ఏం పని చేస్తూ చచ్చిపోయాడో కూడా ఉండదు. కాబట్టి చనిపోయినవాళ్లలో దళితులు ఇంతమంది అని వేలు చూపించి చెప్పే ఆధారం అందులో దొరకదు. అయితే ఎండలో వానలో బయట ఎవరు ఉంటారో చెప్పే లెక్కలు వేరే చోట ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో పనిచేసే దళితుల్లో 45 శాతం పైన వ్యవసాయ కూలీలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001 లెక్కల నాటికే అది మూడింట రెండొంతులు. సొంత భూమి ఉన్న రైతుకు ఇవాళ పనికి పోవాలా వద్దా అని అనుకునే వీలు కొంతైనా ఉంటుంది. కూలికి పోయినోళ్లకు ఆ వీలు లేదు. చనిపోయినవాళ్లంతా దళితులే అని మేము అనడం లేదు. గొర్రెలు కాసే గొల్ల కురుమలు, తాటిచెట్టు మీదున్న గీత కార్మికుడు, సొంత అర ఎకరంలోనే కలుపు తీసుకుంటున్న రైతు, పోడులో ఉన్న ఆదివాసీ, అందరూ ఈ లెక్కలో ఉన్నారు. పిడుగుకు కులం లేదు. నిలబడిన చోటుకు మాత్రం ఉంది.

పిడుగు ఎట్లా చంపుతుందో ముందు తెలుసుకోవాలి. ఎందుకంటే మన పల్లెల్లో చాలామంది, చదువుకున్నవాళ్లు కూడా, పిడుగు అంటే నేరుగా నెత్తి మీద పడేదే అనుకుంటారు. అట్లా నేరుగా తగిలి చనిపోయేవాళ్లు నూటికి ముగ్గురో అయిదుగురో అని పిడుగు గాయాలను ఏళ్ల తరబడి పరిశీలించిన వైద్యుల అంచనా. దాదాపు సగం మందిని చంపేది నేల. పిడుగు ఒక చెట్టు మీదో గట్టు మీదో పడితే ఆ విద్యుత్తు అక్కడితో ఆగదు. చెరువులో రాయి వేస్తే అలలు పాకినట్టు చుట్టూ నేల వెంట పాకుతుంది. పడిన చోట బలం ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. మనిషి రెండు కాళ్లూ ఎడంగా పెట్టి నిలబడితే ఒక కాలి కింద ఒక బలం, ఇంకో కాలి కింద ఇంకో బలం. ఆ తేడా వల్ల విద్యుత్తు ఒక కాలిలో ఎక్కి ఇంకో కాలిలో దిగుతుంది. కాళ్లు ఎంత ఎడంగా ఉంటే అంత ప్రమాదం. ఎడ్లు చచ్చి అరక పట్టినోడు బతికిన సంగతులు మనం వింటుంటాం. అది ఎద్దు కర్మ కాదు. ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ నడుమ దూరం ఎక్కువ, గుండె ఆ దారి మధ్యలో ఉంటుంది. అంతే.

ఇప్పుడు నాట్లు వేసే ఆడవాళ్లను తలుచుకోండి. మోకాళ్ల దాకా బురద, కాళ్లు ఎడంగా, నడుం వంగి, చేతులు నీళ్లలో. అంటే మనిషే నాలుగు కాళ్ల మీద నిలబడ్డట్టు. పక్కపక్కనే పది మందో పదిహేను మందో వరస కట్టి ఉంటారు. మడి చుట్టూ వాళ్ల కంటే ఎత్తైనది ఏదీ ఉండదు. 2020 జూన్ 25న ఒక్క బీహార్‌లోనే ఒక్కరోజులో 83 మంది పిడుగులకు చనిపోయారు. నాట్ల కాలం అది.

చాలామంది చనిపోయేది చెట్టు కింద. చెట్టు మీద పడిన పిడుగు మాను వెంట దిగుతూ దిగుతూ పక్కనే ఉన్న మనిషి మీదికి దూకుతుంది. మనిషి ఒంట్లో ఉప్పు, నీళ్లు ఉన్నాయి కాబట్టి మాను కంటే సులువైన దారి. వాన తగలకుండా చెట్టు కిందికి పోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. పిడుగు విషయంలో అదే చావు అలవాటు. తాటిచెట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి పిడుగును అదే తీసుకుంటుందని, బంగ్లాదేశ్ ప్రభుత్వం 2016లో పిడుగును ప్రకృతి విపత్తుగా ప్రకటించిన తర్వాత లక్షల తాటిమొక్కలు నాటించింది. తాటి ఎదగడానికి పదిహేనేళ్లు పైన పడుతుంది. ఎదిగిన తర్వాత కూడా దాని మొదట్లో నిలబడినోడికి అది రక్షణ కాదు.

మన దగ్గర ఉన్న భ్రమలు కొన్ని ఉన్నాయి. రబ్బరు చెప్పులుంటే ఏం కాదంటారు. కిలోమీటర్ల కొద్దీ గాలిని చీల్చుకుని వచ్చినదానికి అర అంగుళం రబ్బరు అడ్డమా? యూరియా సంచిని కొప్పెర చేసుకుని నెత్తిన వేసుకుంటే వాన తగలదు, పిడుగుకు దానితో పనిలేదు. సెల్‌ఫోను పిడుగును పిలవదు, కొడవలి కూడా పిలవదు. పిలిచేది ఎత్తు, ఒంటరితనం, ఎదురులేని మైదానం. ఇక ఉరిమినప్పుడు అర్జునుడి పేర్లు చదువుకోవాలని మాకు చిన్నప్పుడు బడిలో నేర్పారు. ఏకలవ్యుడి బొటనవేలు ఎవరి కోసం తెగిందో తెలిసిన తర్వాత ఆ పేర్లు మా నోటికి రాలేదు, అది వేరే సంగతి. అసలు చిక్కు ఏమిటంటే పేర్లు చదువుతూ ఉన్నోడు ఉన్నచోటే ఉంటాడు.

మరి ఏం చేయాలి? విపత్తుల శాఖల కరపత్రాలన్నీ ఒకటే మాట చెబుతాయి: ఉరుము వినగానే పక్కా భవనంలోకి వెళ్లండి. శాస్త్రం ప్రకారం ఇది సరైన మాటే. ఉరుము వినిపించిందంటే పిడుగు మనల్ని అందుకునే దూరంలోనే ఉన్నట్టు. మెరుపు కనిపించి ఉరుము వినిపించే దాకా ముప్పై అంకెలు లెక్కపెట్టగలిగితే మబ్బు పది కిలోమీటర్ల దూరంలో ఉంది. తర్వాతి పిడుగు ఆ పది కిలోమీటర్లూ దాటి మన మడిలో పడవచ్చు, పైన ఇంకా చినుకు కూడా రాలకుండానే. చివరి ఉరుము వినిపించాక కూడా అరగంట ఆగాలి. అన్నీ సరైన మాటలే. కానీ బంగళా ఉన్నవాడికీ మునుములో ఉన్న కూలీకీ ఇదే మాట చెప్పడాన్ని పిడుగుకూ బియ్యానికీ ఒకే మంత్రం అంటారు.

పక్కా భవనం అంటే కరెంటు వైరింగు, నీళ్ల పైపులు ఉన్న స్లాబు ఇల్లు. పిడుగు పడినా ఆ తీగలు, పైపులు, గోడలు దాన్ని నేలలోకి దించుతాయి. గడ్డి గుడిసె ఆ పని చేయదు. రేకుల పంచ, టార్పాలిన్ డేరా, నాలుగు గుంజల పాక, బస్‌స్టాప్ షెడ్డు చేయవు. ట్రాక్టరు ట్రాలీ చేయదు. తలుపులు మూసిన బస్సో కారో అయితే చేస్తుంది, కూలీలను కార్లలో ఎవరు తీసుకుపోతారు? బోరు దగ్గరి మోటారు గది చూడటానికి పక్కాగానే కనిపిస్తుంది. స్టార్టరు డబ్బా, ఇనుప పైపు, కరెంటు తీగ అన్నీ మనిషికి బారెడు దూరంలో ఉండే ఆ ఇరుకు గదిలో తీగ వెంట వచ్చే పిడుగే ప్రమాదం. ఇంటి చూరు కింద, వసారాలో గోడకు ఆనుకుని నిలబడటం కూడా లోపల ఉన్నట్టు కాదు. అంటే చేల మధ్య పనికొచ్చే భవనాలు ఏవి? బడి, పంచాయతీ ఆఫీసు, అంగన్‌వాడీ. తర్వాత ఆసాముల ఇళ్లు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. మా అమ్మ నల్లగొండ వైపు పల్లెలో నలభై ఏళ్లు నాట్లకూ కలుపుకూ పోయింది. ఉరిమితే ఏం చేసేవాళ్లు అని అడిగితే ఆమె చెప్పిన మాట ఇది: "ఉరిమితె గట్టెక్కుదమంటే, ఇంకో మునుం పడితె అయిపాయె గదా అంటడు ఆసామి. ఆయన అనకున్నా మేమే అనుకుంటం." ఎందుకు అనుకుంటారు? దినకూలి అయితే గంట పని ఆగితే కూలిలో కోత. గుత్తకు పట్టినదైతే ఇంకా ఘోరం. ఎకరానికి ఇంత అని ముఠా ఒప్పుకున్నాక ఉరుములో ఆగిన ప్రతి గంటా ముఠా నెత్తినే పడుతుంది. అప్పుడు ఆసామి ఆపాల్సిన పనిలేదు, మేస్త్రి అరవాల్సిన పనిలేదు. లెక్కే మనిషిని మడిలో నిలబెడుతుంది.

మాకు పదకొండేళ్లప్పుడు, 2000ల మొదట్లో, తొలకరికి పత్తి గింజలు పెట్టడానికి అమ్మతో పోయాం. మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టింది. చేనుకు కూతవేటు దూరంలో ఆసామి స్లాబు ఇల్లు. పెద్ద వసారా, లోపల నాలుగు గదులు. ఆడవాళ్లంతా పోయి ఆ ఇంటి ముందున్న చింతచెట్టు కింద నిలబడ్డారు. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు. రావద్దని కూడా ఎవరూ అనలేదు. మేమే పోలేదు. వసారాలోకి ఎంతవరకు పోవచ్చో, ఎక్కడ ఆగాలో మా వాడలో ఎవరూ ఎవరికీ నేర్పరు. అందరికీ తెలిసే ఉంటుంది. ఆ రోజు ఆ చెట్టు మీద పడలేదు.

మరుసటేడు ఆ చెలకలోనే, ఇంకో గట్టు మీది తుమ్మచెట్టు కింద, మాకు చిన్నమ్మ వరసయ్యే ఆమె పడిపోయింది. ఒంటి మీద పెద్ద గాయం లేదు. "ముట్టుకోవద్దు, షాకు కొడతది" అని పెద్దమనుషులు అన్నారు. అరగంట ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత ఎడ్లబండి మీద వాడకు తెచ్చారు, చీకటి పడక ముందే పూడ్చారు. పోస్టుమార్టం లేదు, పంచనామా లేదు. ఒక్క కాగితం కూడా పుట్టలేదు.

విశ్వవిద్యాలయానికి వచ్చాక చదివి తెలుసుకున్న సంగతి: పిడుగు తగిలిన మనిషి ఒంట్లో విద్యుత్తు నిలవ ఉండదు. ముట్టుకుంటే ఎవరికీ ఏమీ కాదు. పిడుగు చాలాసార్లు చేసే పని గుండెను, ఊపిరిని ఒక్కసారిగా ఆపడం. గుండె తనంతట తాను మళ్లీ మొదలైనా ఊపిరి వెంటనే రాకపోవచ్చు, ఊపిరి లేక గుండె రెండోసారి ఆగిపోతుంది. ఆ నాలుగైదు నిమిషాల్లో ఎవరైనా ఛాతీ మధ్య రెండు చేతులూ పెట్టి నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు, రెండు అంగుళాల లోతు దిగేలా గట్టిగా నొక్కుతూ ఉంటే, మధ్యమధ్య నోటితో ఊపిరి ఊదితే బతికే అవకాశం ఉంది. మిగతా ప్రమాదాల్లో మూలిగేవాళ్లను ముందు చూస్తారు. పిడుగు విషయంలో తిరగేయాలి. కదులుతున్నవాళ్లు చాలావరకు బతుకుతారు, చచ్చినట్టు పడి ఉన్నవాళ్ల దగ్గరికే ముందు పోవాలి. అమెరికా లెక్కల్లో పిడుగు తగిలిన పది మందిలో తొమ్మిది మంది బతుకుతున్నారు. ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ పల్లెల్లో పిడుగు తగిలినవాళ్లను పేడలో మెడ దాకా పాతిపెడుతున్నారని వార్తలొస్తుంటాయి. అది మిగిలిన నిమిషాలను కూడా తినేస్తుంది. ముట్టుకోకుండా ఉండటం మన దేశంలో చాలామందికి చాలా సులువుగా వస్తుంది. ఈ ఒక్క చోటైనా దాన్ని మన వాడల్లోంచే మనం తీసేయాలి. ఛాతీ నొక్కడం నేర్పడానికి డాక్టరే అక్కర్లేదు. బడి పంతులు, సంఘం పిల్లలు ఒక బస్తా మీద నేర్పవచ్చు. ఇద్దరు నొక్కుతుంటే మూడోవాళ్లు 108కి ఫోను చేయాలి.

హెచ్చరికల సంగతికి వద్దాం. ఇందులో రాజ్యం నిద్రపోలేదు. ఆంధ్రప్రదేశ్ విపత్తు నిర్వహణ సంస్థ మెరుపులను పసిగట్టే పరికరాల సాయంతో 2018 ఏప్రిల్ 24న పదమూడు గంటల్లో 36,749 పిడుగులను లెక్కపెట్టింది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ 'దామిని' అనే యాప్ తెచ్చింది. మనం ఉన్నచోటికి ఇరవై, నలభై కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే అరగంట, ముప్పావుగంట ముందు చెబుతుంది. పిడుగులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగే సాంకేతికత వచ్చింది, పిడుగు కింద నిలబడ్డవాళ్లను లెక్కపెట్టే పద్ధతి రాలేదు. నాట్లకు పోయే ఆడమనిషి ఫోను బటన్ల ఫోను, అదీ గట్టు మీద అన్నం టిఫిన్‌తో పాటు సంచిలో ఉంటుంది. స్మార్టుఫోను ఉన్నది మేస్త్రికీ ఆసామికీ. కాబట్టి చూడాల్సిన బాధ్యత కూడా వాళ్లదే కావాలి. పని చేయించుకునేవాడు పొద్దున, మధ్యాహ్నం హెచ్చరిక చూసి చెప్పాలి.

కొందరు మిత్రులు, ఊళ్లో డప్పు కొట్టించి హెచ్చరించవచ్చు కదా, మన కళే కదా అంటుంటారు. డప్పు మన కళే. చాటింపు మాత్రం మన మీద వేసిన వెట్టి. మా తాతలు దాన్ని భుజం మీంచి దించడానికి ఎన్ని దెబ్బలు తిన్నారో వాడల్లో ముసలోళ్లను అడిగితే చెబుతారు. పంచాయతీ సైరన్ పెట్టించుకోవచ్చు, గుడికి మైకు ఉంది. అవి మోగితే చాలు.

హెచ్చరిక వచ్చింది సరే, అరగంటలో ఎక్కడికి చేరాలి? తెలంగాణలో 2020, 2021 ప్రాంతంలో అయిదు వేల ఎకరాలకు ఒకటి చొప్పున 2,601 రైతు వేదికలు కట్టారు. పక్కా భవనాలు, చేలకు దగ్గర. వాటిని పిడుగు వేళ కూలీలకు తెరిచి ఉంచమని అడగడం మొదటి మెట్టు. అయితే లెక్క వేసి చూడండి. అయిదు వేల ఎకరాలు అంటే ఇరవై చదరపు కిలోమీటర్లు. వేదిక సరిగ్గా మధ్యలో ఉన్నా అంచు చేను నుంచి రెండున్నర కిలోమీటర్లు. బురద కాళ్లతో గట్ల మీద అది అరగంట పైనే. ఆ అరగంటా మైదానంలో నడుస్తున్నట్టే. కాబట్టి వేదికొక్కటే చాలదు. ప్రతి ఊరి పొలాల్లో దూరంగా ఉన్న దిక్కున, పిడుగు కడ్డీ, కిందికి దిగే తీగ, సరైన ఎర్తింగు ఉన్న గది ఒకటి కావాలి. అవి ఎట్లా ఉండాలో భారత ప్రమాణాల సంస్థ ప్రమాణం ఉంది, ఐఎస్/ఐఈసీ 62305 దాని సంఖ్య. ఆ ప్రమాణం ప్రకారం కట్టించే పని ఇంజనీరుది. దానికి తాళం వేసి చెవి ఎవరి ఇంట్లో పెట్టకూడదో చెప్పే పని మనది. 2005 ఉపాధి హామీ చట్టం పనిచోట నీడ కోసం షెడ్డు వేయాలంది. దాని చోట 2025 డిసెంబరులో కొత్త చట్టం చేశారు. నీడకు వేసే పట్టా ఎండకు పనికొస్తుంది, పిడుగుకు కాదు.

ఏ భవనమూ అందకపోతే? ఒక మాట నిజాయితీగా చెప్పాలి. బయట భద్రమైన చోటు అంటూ లేదు, ప్రమాదం తగ్గించుకోవడమే ఉంది. నీళ్లలోంచి బయటికి రావాలి. గట్టు ఎక్కి నిలబడకూడదు. ఒంటరి చెట్టుకు, కరెంటు స్తంభానికి, ఇనుప కంచెకు దూరం పోవాలి. అందరూ గుంపు కట్టకుండా ఎడంఎడంగా పోవాలి, ఒక పిడుగుకు పది మంది పడకుండా, పడినవాళ్ల ఛాతీ నొక్కడానికి కొందరు మిగిలేలా. కాళ్లు రెండూ దగ్గర పెట్టి గొంతుక్కూచోవాలి, పడుకోకూడదు. కరపత్రాల్లో ఈ గొంతుక్కూచునే బొమ్మనే పెద్దదిగా వేస్తారు. అమెరికా వాతావరణ శాఖ 2008లోనే ఆ సలహాను ముందుకు తేవడం మానేసింది, ఎందుకంటే అది చూసి జనం భవనం వెతుక్కోవడం మానేస్తున్నారు. అది చిట్టచివరి దారి మాత్రమే. అమెరికాలో 1940ల్లో ఏడాదికి మూడు వందల మంది పైన పిడుగుకు చచ్చేవాళ్లు, ఈ పదేళ్లలో అది ముప్పై లోపు. కూర్చునే పద్ధతి వల్ల కాదు అది. జనం పొలాల్లో చేసే పని తగ్గింది, ఇళ్లకు వైరింగూ పైపులూ వచ్చాయి, వైద్యం దగ్గరికొచ్చింది.

కాబట్టి మేము అడుగుతున్న అసలు హక్కు కూర్చోవడానికి కాదు, లేచి పోవడానికి. ఉరుము వినిపిస్తే పని ఆపి పోయే హక్కు. ఆగిన గంటలకు కూలి కోయకూడదు. గుత్త మాట్లాడుకునేటప్పుడే ఈ మాట కలిపి మాట్లాడుకోవాలి. భోజనం గంటకు కూలి కోయడం లేదు కదా, పిడుగు గంట కూడా అట్లాంటిదే. ఒక్క ముఠా అడిగితే ఆసామి ఇంకో ముఠాను పిలుస్తాడు. ఊళ్లోని ముఠాలన్నీ నాట్లకు ముందే ఒక్కటిగా అడిగితే పిలవడానికి ఎవరూ ఉండరు. బయటి జిల్లాల నుంచి వచ్చి చేలల్లోనే డేరాలు వేసుకునే మిరపకోత కూలీలను, ఒడిశా నుంచి వచ్చే ఇటుకబట్టీ కూలీలను ఈ మాటలో కలుపుకోకపోతే మాత్రం ఇది సగం మాటే.

చచ్చిన తర్వాత కూడా భూమే మాట్లాడుతుంది. తెలంగాణలో 2018 ఆగస్టులో మొదలైన రైతు బీమా కింద పట్టాదారు పాసుపుస్తకం ఉండి 18 నుంచి 59 ఏళ్ల లోపు ఉన్న రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. మంచి పథకమే. అయితే ఒకే చేలో ఒకే పిడుగుకు ఆసామీ కూలీ ఇద్దరూ పడిపోయారనుకోండి. పాసుపుస్తకం ఉన్న శవానికి 5 లక్షలు. లేని శవానికి ఆ పథకంలో చోటు లేదు, కౌలు రైతుకు కూడా లేదు. 2025 జనవరిలో తెచ్చిన ఇందిరమ్మ ఆత్మీయ భరోసా భూమిలేని ఉపాధి కూలీ కుటుంబాలకు ఏడాదికి 12 వేలు ఇస్తామన్నది. అది బతికున్న కూలీ లెక్క. ఇక 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం వ్యవసాయ పనిలో ట్రాక్టర్లతోనో యంత్రశక్తితోనో చేసేదాన్నే తన జాబితాలో పెట్టుకుంది. వంగి చేత్తో నాటేవాళ్లకు అందులో చోటు వెతుక్కోవడమే కష్టం. 2025 నవంబరు 21న దాని చోట సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. దాని కింద నియమాలు రాసేటప్పుడు రాష్ట్రాల మీద మన సంఘాలు ఒత్తిడి పెట్టాల్సింది ఇక్కడే.

కేంద్రం విపత్తుల నిధికి పెట్టుకున్న పన్నెండు విపత్తుల జాబితాలో 2021-26 కాలానికి కూడా పిడుగు లేదు. వడగళ్లు ఉన్నాయి, చీడపురుగులు ఉన్నాయి, అంటే పంటను చంపేవి ఉన్నాయి. జాబితాలో ఉన్న విపత్తుకు చనిపోతే 2015 నుంచి కుటుంబానికి 4 లక్షలు. జాబితాలో లేనిదాన్ని రాష్ట్రం తన సొంత విపత్తుగా ప్రకటించి ఆ నిధిలో పది శాతం దాకా వాడుకోవచ్చు. ఒడిశా 2015లోనే పిడుగును అట్లా ప్రకటించింది. డబ్బు వచ్చే దారి ఉంది, ఆ దారి పొడవునా కాగితాలున్నాయి. పోలీసు ఫిర్యాదు, పంచనామా, పోస్టుమార్టం, తహసీల్దారు నివేదిక. వీటిలో ఒక్కటి లేకున్నా డబ్బు ఆగిపోవచ్చు. పిడుగు చాలాసార్లు ఒంటి మీద చిన్న గుర్తే వదులుతుంది, కొన్నిసార్లు చెట్టుకొమ్మల్లాంటి ఎర్రటి చారలు, అవీ కొన్ని గంటల్లో మాసిపోతాయి. అందుకే ఏడుస్తున్న ఇంట్లో ఈ మాట చెప్పడం ఎంత కష్టమైనా శవాన్ని ఆ రాత్రే పూడ్చనీయకూడదు.

పంచనామా దగ్గర చదువుకున్న పిల్లలు ఒకరిద్దరు నిలబడాలి. 2024 జూలై నుంచి అది కొత్త నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద రాస్తున్నారు, పద్ధతి పాతదే. ఆడమనిషి చనిపోతే వృత్తి దగ్గర 'గృహిణి' అని రాసేస్తారు. 'వ్యవసాయ కూలీ' అని రాయించాలి. ఎవరి చేలో, ఎవరు పిలిస్తే పోయింది, ఏం పని చేస్తుండగా, ఎన్ని గంటలకు, ఈ నాలుగూ రాయించాలి. దగ్గరలో తెరిచి ఉన్న పక్కా ఇల్లు ఎంత దూరంలో ఉందో కూడా అడిగి రాయించాలి. సంతకం పెట్టే ముందు ఒకసారి పైకి చదివించుకోవాలి.